కాళ్ళకే కాదు, నోటికీ సాధన కావాలి

ఆఫీసు గ్రూపులో ఎవరో లింకు పెట్టారు. క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం పది కిలోమీటర్ల పరుగు. ఆ క్షణాన ఏమనిపించిందో, రుసుము కట్టేసి పేరు నమోదు చేసుకున్నారు. రాత్రి పడుకున్నాక మొదలైంది గుబులు. బస్సు అందుకోవడానికి నాలుగడుగులు పరుగెత్తితేనే ఆయాసపడే మనిషిని, పది కిలోమీటర్లు పరుగెత్తగలనా? దాని వెనకే ఇంకో గుబులు. విరాళాలు కూడా సేకరించాలట. ఎవర్ని అడగాలి? ఏమని అడగాలి? లేదు పొమ్మంటే?

మొదటి గుబులు పోగొట్టే సలహాలు మీకు కావలసినన్ని దొరుకుతాయి. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందుకే చాలామంది నెలల తరబడి కాళ్ళకు సాధన ఇచ్చి, అడిగే పనిని ఆఖరి రెండు రోజులకు వదిలేస్తారు. పరుగు బ్రహ్మాండంగా పూర్తవుతుంది, మెడల్ మెళ్ళో పడుతుంది, సంస్థకు మాత్రం వీళ్ళ ద్వారా చేరింది అంతంతమాత్రం. మీకు అలా జరగకూడదని ఈ అధ్యాయం. పరుగు, అడగడం రెండూ ఒకే వారంలో మొదలుపెట్టండి. రెండూ సాధనతోనే వస్తాయి.

అడగడం ఎలాగో చూపించినవాడు ఒకడున్నాడు. 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్ నుంచి టెర్రీ ఫాక్స్ అనే 21 ఏళ్ళ కుర్రవాడు పరుగు మొదలుపెట్టాడు. ఎముక క్యాన్సర్ వల్ల అప్పటికే కుడి కాలు తీసేశారు. కృత్రిమ కాలితో రోజుకు దాదాపు ఒక మారథాన్, అంటే 42 కిలోమీటర్లు. క్యాన్సర్ పరిశోధన కోసం అతను అడిగింది దేశంలో తలకొక డాలరు, అంతే. మొదటి రోజుల్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తర్వాత పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊళ్ళో పదివేల మంది జనం కలిసి పదివేల డాలర్లకు పైగా చేతిలో పెట్టారు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోవలసి వచ్చింది. అప్పటికి 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. మరుసటి ఫిబ్రవరికల్లా నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. అప్పటి కెనడా జనాభా కూడా ఇంచుమించు అంతే. అతను 1981 జూన్‌లో చనిపోయాడు. అతని పేరిట ఏటా జరిగే పరుగులు ఇప్పటికీ ఆగలేదు.

అంత కష్టం మనం పడనక్కర్లేదు. కానీ అతను అడిగిన తీరు చూడండి. చిన్న మొత్తం. స్పష్టమైన మొత్తం. ఎవరికైనా ఒకటే. మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

1. ఎవరి కోసం పరుగెత్తుతున్నారో ముందు తేల్చుకోండి

మీరు కట్టిన నమోదు రుసుము మొత్తం ఆ పిల్లలకే వెళుతుందని అనుకుంటున్నారా? చాలా పరుగుల్లో అలా ఉండదు. టీషర్టు, మెడల్, టైమింగ్ చిప్, నీళ్ళు, అంబులెన్సు, రోడ్డు ఏర్పాట్లు, ఇవన్నీ ఆ రుసుములోంచే. సంస్థకు వెళ్ళేది అందులో కొంత భాగమో, లేక మీరు విడిగా సేకరించే విరాళమో కావచ్చు. ఇందులో తప్పేమీ లేదు. తెలుసుకోకపోవడమే తప్పు. 2004లో మొదలైన ముంబై మారథాన్ లాంటి పెద్ద పరుగుల్లో విరాళాల వ్యవహారం విడిగా, పద్ధతిగా నడుస్తుంది. ఎన్నో సంస్థలుంటాయి, మీకు నచ్చినదాన్ని ఎంచుకుంటారు. చిన్న ఊళ్ళ పరుగుల్లో నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి.

సంస్థకు ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి. నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్‌లో నమోదు ఉందా? పోయినేడాది ఖర్చుల లెక్క చూపిస్తారా? దాతల పేరు మీదే రసీదు వస్తుందా, ఎన్నాళ్ళకు? అందరూ 80జి అని పిలిచే పన్ను మినహాయింపు ఉందా? చివరిదానికి రెండు షరతులు గుర్తుంచుకోండి. రెండువేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు అసలు వర్తించదు. ఇది ముందే చెప్పకపోతే మార్చి నెలలో మీ కొలీగ్ వచ్చి మిమ్మల్నే నిలదీస్తాడు.

మనవాళ్ళకు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. డల్లాస్‌లో ఉన్న బావగారు వంద డాలర్లు పంపుతానన్నారనుకోండి. ఆయన ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉండి, సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో అందుకోసం తెరిచిన ఖాతాలోనే డబ్బు పడాలి. "నీ ఖాతాకు వేస్తాను, నువ్వు కట్టెయ్" అంటే ఒప్పుకోకండి. సంస్థను కనుక్కుని సరైన దారి చెప్పండి.

వీలైతే సంస్థకు ఒకసారి వెళ్ళి చూసి రండి. ఒక్క గంట చాలు. వరండాలో కూర్చున్న తల్లుల్ని, వంటగదిలో పెద్ద గిన్నెలో ఉడుకుతున్న అన్నాన్ని కళ్ళారా చూసి వచ్చిన మనిషి అడిగితే ఆ మాటకు బలముంటుంది. కరపత్రం చదివి అడిగితే అది రాదు.

2. పది వారాల ముందు మొదలుపెట్టండి

నలభై దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినా ముందు డాక్టరును కలవండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పరుగులో జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇక పరుగు. వారానికి మూడు రోజులు చాలు. మొదటి రోజునే ఆగకుండా పరుగెత్తాలని చూడకండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా అరగంట. ఇది చేతకానివాళ్ళ పద్ధతి కాదు. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పరుగెత్తిన జెఫ్ గాలోవే దశాబ్దాల పాటు మామూలు జనానికి నేర్పింది ఈ పరుగు-నడక పద్ధతినే.

మొదటి రెండు వారాలు అలా. మూడు, నాలుగు వారాల్లో రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఐదు, ఆరు వారాలకు నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అక్కడి నుంచి మీ ఒంటిని బట్టి పెంచండి. ఆదివారం మాత్రం కొంచెం ఎక్కువ దూరం. నాలుగో వారానికి నాలుగు కిలోమీటర్లు, తర్వాత వారానికొకటి చొప్పున పెంచితే తొమ్మిదో వారానికి తొమ్మిదవుతాయి. ఆఖరి వారం తగ్గించండి. పదో కిలోమీటరు ఆ రోజు జనం కేకల మధ్య దానంతటదే వస్తుంది.

ఎంత వేగంతో? పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగంతో. "రేపు కూర ఏం చెయ్యాలి" అని మధ్యలో ఊపిరి తీసుకోకుండా అనలేకపోతున్నారంటే వేగం ఎక్కువైంది, తగ్గించండి. మొదటిసారి పరుగెత్తేవాళ్ళలో నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదేనని నాకు గట్టి నమ్మకం. వేగంగా మొదలుపెడతారు, మూడో వారానికి మోకాలు పట్టేస్తుంది, "నాకు పరుగు పడదు" అనేసి మానేస్తారు. పడకపోయింది పరుగు కాదు, తొందర.

నొప్పుల్లో రెండు రకాలు. రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా పీకుతూ రెండ్రోజుల్లో తగ్గేది మామూలు నొప్పి. ఒకే చోట, ఒకే కాల్లో, వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగేది, మామూలుది కాదు. అది కనిపిస్తే ఆగి నాలుగైదు రోజులు విశ్రాంతి ఇవ్వండి. తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళండి. నొప్పి బిళ్ళ వేసుకుని పరుగెత్తడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఎక్కడ పరుగెత్తాలి? హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు, విశాఖలో బీచ్ రోడ్డు మీ అదృష్టం. అవి లేనివాళ్ళకు హైస్కూలు గ్రౌండు చాలు. రోడ్డు మీద పరుగెత్తాల్సి వస్తే కుడివైపు, ఎదురొచ్చే బళ్ళు కనిపించేలా పరుగెత్తండి. చీకటి ఉండగా బయల్దేరితే లేత రంగు చొక్కా. ఒక్క చెవిలో కూడా పాటలు వద్దు. ఆడవాళ్ళు మొదటి వారాల్లోనే ఇంకొకరిని తోడు కలుపుకోవడం మంచిది. ధైర్యం కోసం మాత్రమే కాదు, తోడు ఎదురుచూస్తుంటే మంచం దిగక తప్పదు.

వీధికుక్కలు వెంటపడితే? పరుగు ఆపండి. నిలబడండి, తర్వాత వాటిని కళ్ళలోకి చూడకుండా మెల్లగా నడుచుకుంటూ దాటండి. పరుగెత్తినంతసేపూ వెంటపడతాయి, నడిస్తే చాలాసార్లు వదిలేస్తాయి.

మీ పరుగు హైదరాబాద్‌లో అయితే ఇంకో మాట. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఫ్లైఓవర్లే పేరు తెచ్చాయి. ముంబైలో పెడ్డర్ రోడ్డు ఎత్తు ఎలాగో ఇక్కడ ఫ్లైఓవర్లు అలాగ. కాబట్టి వారంలో ఒక రోజు ఎత్తు ఎక్కడం సాధన చెయ్యండి. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చెయ్యండి, చూపు కాళ్ళ మీద కాకుండా పది గజాల ముందు పెట్టండి. దిగేటప్పుడు దూకకండి, మోకాళ్ళకు దెబ్బ అప్పుడే.

3. షూ మీద ఖర్చుపెట్టండి, మిగతావాటి మీద వద్దు

సాయంత్రం పూట వెళ్ళి కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మీరు పరుగులో వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. లేకపోతే ఫ్లైఓవర్ దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది. పరుగుకు కనీసం మూడు నాలుగు వారాల ముందే కొనండి. వాచీ, గాగుల్స్, నడుముకు కట్టే సీసాల బెల్టు ఇవేవీ మొదటి పదికి అక్కర్లేదు. ఆ డబ్బు మీ విరాళంలో వెయ్యండి.

4. అడగడం మొదలుపెట్టండి

ఇప్పుడు అసలు సంగతి. మీకు అడగడం ఎందుకు కష్టంగా ఉంది? చెయ్యి చాపినట్టుగా అనిపిస్తుంది కదూ? చిన్నప్పటి నుంచి "ఎవర్నీ ఏమీ అడక్కు" అని పెంచారు. ఆ పెంపకం మంచిదే. కానీ ఇక్కడ మీరు అడుగుతున్నది మీ కోసం కాదు. ఈ తేడా బుర్రకు తెలిసినా నోటికి అలవాటవాలి. అందుకే ఇంట్లో అద్దం ముందు నిలబడి అడిగే మాటను పైకి మూడుసార్లు అనండి. మొదటిసారి గొంతు తడబడుతుంది. మూడోసారికి మామూలు మాటలా వస్తుంది.

మొదటి విరాళం మీరే వెయ్యండి. ఖాళీగా ఉన్న విరాళాల పేజీలో డబ్బు వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. మీ పేరు, మీ మొత్తం ముందు కనిపించాలి.

తర్వాత మూడు విడతల్లో అడగండి. మొదటి విడత, ఇంట్లోవాళ్ళు, ప్రాణస్నేహితులు. వీళ్ళను ఎదురుగానో ఫోన్లోనో అడగాలి. రెండో విడత, కొలీగ్స్, బంధువులు, అపార్ట్‌మెంటువాళ్ళు. వీళ్ళకు ఒక్కొక్కరికీ విడివిడిగా మెసేజ్. మూడో విడత, వాట్సాప్ స్టేటస్, గ్రూపులు. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి మూడోదానితోనే ఆపేస్తారు. "ఒక మంచి కార్యక్రమానికి మీ వంతు సాయం చేయగలరు" అని నాలుగు గ్రూపుల్లో పెడతారు. ఇరవై నమస్కారాల బొమ్మలు, పది బొటనవేళ్ళు వస్తాయి. డబ్బు రాదు. గ్రూపులో ఉన్న ప్రతివాళ్ళూ ఇంకొకరు ఇస్తారులే అనుకుంటారు. పేరుపెట్టి అడిగితేనే అడిగినట్టు.

ఒక మెసేజ్ ఎలా ఉండాలో చూడండి.

"అక్కా, నవంబరులో పది కిలోమీటర్ల పరుగులో పాల్గొంటున్నా. ఇంత దూరం ఎప్పుడూ పరుగెత్తలేదు. క్యాన్సర్ వైద్యానికి ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు ఉండడానికి గది, భోజనం చూసే సంస్థ కోసం ఈ పరుగు. పోయిన వారం వెళ్ళి చూసొచ్చాను. కిలోమీటరుకు యాభై చొప్పున ఐదు వందలు ఇస్తావా? డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళుతుంది, రసీదు నీ పేరు మీద వస్తుంది. ఇప్పుడు వీలు కాదంటే ఏమీ అనుకోను. పరుగు రోజు పొద్దున్నే ఒక్క ఫోన్ చెయ్యి, అదే చాలు."

ఇందులో ఏముంది? ఎవరి కోసమో ఉంది. ఎంతో ఉంది. డబ్బు ఎటు వెళుతుందో ఉంది. కాదనడానికి దారి కూడా ఉంది. కాదనే దారి ఇచ్చినందువల్ల విరాళాలు తగ్గవు. అక్కతో మీ మాటలు రేపు కూడా మామూలుగా ఉంటాయి, అది ముఖ్యం.

ఏం ఉండకూడదు? "ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించు" అని మొదలుపెట్టకండి. తప్పు చేస్తున్నట్టు మీరే ఒప్పుకుంటే ఎదుటివాళ్ళూ అలాగే చూస్తారు. "నీకు తోచినంత" అని కూడా అనకండి. తోచినంత అంటే ఎంతో వాళ్ళకు తెలియదు. నూటపదహార్లు ఇస్తే తక్కువేమో, వెయ్యి ఇస్తే ఎక్కువేమో అని ఆలోచిస్తూ రేపటికి వాయిదా వేస్తారు. టెర్రీ ఫాక్స్ తోచినంత అడగలేదు, ఒక్క డాలరు అడిగాడు.

ఇప్పుడు అడ్డుపడే మాటల సంగతి. పెళ్ళిలో భోజనాల దగ్గర బాబాయి పక్కన కూర్చున్నారనుకుందాం.

"నువ్వు పరుగెత్తితే వాళ్ళ జబ్బు తగ్గుతుందట్రా?" అంటాడు.

"తగ్గదు బాబాయ్, వైద్యం జరిగినన్నాళ్ళూ వాళ్ళు ఉండడానికి, తినడానికి డబ్బు కావాలి. ఊరికే అడిగితే చూద్దాంలే అంటావు. పది వారాలు పొద్దున్నే లేచి ఒళ్ళు వంచి అడిగితే నా మాట వింటావని."

"ఇలాంటి సంస్థలన్నీ తినేసే బాపతేరా."

"ఆ అనుమానం రావడం సహజమే. అందుకే నేను వెళ్ళి చూసొచ్చాను. పోయినేడాది లెక్క ఫోన్లో ఉంది, చూపించమంటావా?"

"మేం గుడికి ఇస్తాంలే."

"మంచిదే బాబాయ్. ఇంకొంచెం సాంబారు వేయించుకో."

అక్కడితో ఆపెయ్యాలి. గుడి గొప్పా, ఆసుపత్రి గొప్పా అని వాదన పెట్టుకోకండి. ఆయన డబ్బు, ఆయన ఇష్టం. ఆ సాయంత్రం పిన్ని విడిగా పిలిచి మూడు వందలు చేతిలో పెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అలా నగదు వస్తే ఏం చెయ్యాలి? ఒక చిన్న పుస్తకంలో పేరు, మొత్తం, తేదీ రాసుకోండి. ఆ రోజే ఆవిడ పేరు మీద సంస్థకు కట్టి, కట్టినట్టు ఫోటో ఆవిడకు పంపండి. ఎవరు ఎంత దగ్గరివాళ్ళయినా విరాళాన్ని మీ సొంత యూపీఐలో ఉంచుకోకండి. మీ నిజాయితీ మీద అనుమానంతో చెప్పడం లేదు. నెల గడిచాక "ఆ డబ్బు ఏమైంది" అని ఒక్కరు అడిగినా మీ దగ్గర కాగితం ఉండాలి.

ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. కాదనలేనివాళ్ళను అడగకండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి, మీ డ్రైవరు, ఆఫీసులో మీ కింద కొత్తగా చేరిన ట్రైనీ, మీ దగ్గర ట్యూషన్ చదివే పిల్లల తల్లిదండ్రులు. వాళ్ళు ఇస్తారు, ఇష్టమై కాదు, భయపడి. అలా వచ్చిన డబ్బు ఏ పుణ్యకార్యానికైనా సరే వద్దు. వాళ్ళంతట వాళ్ళు ఇస్తామంటే పది రూపాయలు తీసుకుని మనసారా కృతజ్ఞత చెప్పండి.

మీరు పనిచేసే కంపెనీ సంగతి కూడా కనుక్కోండి. ఉద్యోగి ఎంత ఇస్తే అంత తామూ కలిపే కంపెనీలున్నాయి. హెచ్‌ఆర్‌కు ఒక్క మెయిల్ పెడితే తెలిసిపోతుంది.

5. ఆఖరి వారం

కొత్తది ఏదీ చెయ్యకండి. కొత్త షూ వద్దు, కొత్త తిండి వద్దు. నిర్వాహకులిచ్చిన కొత్త టీషర్టు కూడా ఒకసారి ఉతికి, వేసుకుని పరుగెత్తి చూశాకే. దాని కుట్టు చంకలో ఒరుసుకుంటే ఆరో కిలోమీటరుకు మంట తెలుస్తుంది. అలాంటి చోట్ల వాజలైన్ రాసుకోండి.

బిబ్, అంటే మీ నంబరు కాగితం, ముందురోజే తెచ్చుకుంటారు. ఛాతీ మీద నాలుగు మూలలా పిన్నీసులు పెట్టి నిలబడి ఒకసారి, వంగి ఒకసారి చూసుకోండి. చిప్ దాని వెనక అంటించి ఉంటే మడవకండి. వెనకవైపు బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు రాయండి. ఖాళీ ఉంది కదా, తర్వాత రాద్దాం అనుకుని వదిలేస్తారు. వదలకండి.

పరుగు ఆదివారం అనుకుంటే, శనివారం రాత్రి బిర్యానీ విందులు వద్దు. పెరుగన్నమో, చపాతీ పప్పో, ఎనిమిది లోపు. ఆవకాయ ఆదివారం మధ్యాహ్నానికి దాచుకోండి. నిద్ర పట్టకపోతే కంగారు పడకండి. ఆ రాత్రి చాలామందికి పట్టదు. శుక్రవారం రాత్రి బాగా నిద్రపోతే సరిపోతుంది.

6. ఆ పొద్దున

మొదలయ్యే సమయానికి గంటా గంటన్నర ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, సాధనలో అలవాటైనదే తినండి. రోజూ టీ తాగేవాళ్ళు టీ తాగవచ్చు. మరుగుదొడ్ల దగ్గర వరుస పొడుగ్గా ఉంటుంది, ముందే వెళ్ళండి.

వేదిక మీద పెద్ద పాటలు పెట్టి జుంబా చేయిస్తారు. పక్కవాళ్ళతో పాటు అరగంట గెంతితే మీ కాళ్ళలో సత్తువ అక్కడే కరిగిపోతుంది. ఐదు నిమిషాలు మెల్లగా నడిచి, చీలమండలు, భుజాలు తిప్పుకుంటే చాలు. వరుసలో వెనకగా నిలబడండి. ముందు నిలబడితే వేగంగా వచ్చేవాళ్ళు తోసుకుపోతారు, మీరూ ఆ ఊపులో పడి మొదటి కిలోమీటరులోనే అలసిపోతారు. అందరూ మిమ్మల్ని దాటిపోనివ్వండి. ఏడో కిలోమీటరు దగ్గర వాళ్ళలో కొందరు నడుస్తూ కనిపిస్తారు.

నీళ్ళ బల్ల దగ్గర ఆగి, నడుస్తూ తాగండి. దాహానికి తగ్గట్టు రెండు గుక్కలు. భయంతో గ్లాసులకు గ్లాసులు ఉత్త నీళ్ళు తాగడం కూడా ప్రమాదమే, ఒంట్లో సోడియం పడిపోతుంది. అందుకని ఓఆర్ఎస్ తాగాలనుకుంటే, కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. తీయటి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడింది దీని కోసమే.

తల తిరగడం, ఎండలో చలి పుట్టడం, మాట తడబడడం, ఛాతీలో బరువు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగిపోండి. వాలంటీరును పిలవండి. "ఇంతమంది దగ్గర డబ్బు తీసుకున్నాను, పూర్తిచెయ్యకపోతే ఎలా" అని మొండికెయ్యకండి. వాళ్ళు ఇచ్చిన డబ్బు అప్పటికే సంస్థకు చేరింది. మీరు ఆసుపత్రిలో పడాలని ఎవరూ ఇవ్వలేదు.

నడవాల్సి వస్తే? నడవండి. 2000లో ఫౌజా సింగ్ అనే పెద్దాయన లండన్ మారథాన్ పరుగెత్తారు. పాస్‌పోర్టు లెక్కన అప్పటికి ఆయనకు 89 ఏళ్ళు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం పనిచేసే సంస్థకు ఆ పరుగు. మొదట వచ్చినవాళ్ళకు రెండు గంటల పైచిలుకు పట్టింది, ఆయనకు 6 గంటల 54 నిమిషాలు. ఆ రోజు ఎవరు మొదట వచ్చారో మీకు గుర్తుందా?

గీత దాటగానే కూలబడకండి. పది నిమిషాలు నడవండి, తడి టీషర్టు మార్చుకోండి, మజ్జిగో కొబ్బరినీళ్ళో తాగండి. తర్వాత పెసరట్టు ఉప్మా మీ హక్కు.

7. పరుగు అయిపోయింది, పని అయిపోలేదు

మెట్లు దిగేటప్పుడు రెండు రోజులు తొడలు పట్టేసి ఉంటాయి. రెయిలింగు పట్టుకుని పక్కకు తిరిగి దిగండి. ఆ వారం పరుగు వద్దు, నడక చాలు.

సోమవారం సాయంత్రంలోగా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ విడిగా రాయండి. ఎంత సమయం పట్టిందో, ఎక్కడ కష్టమనిపించిందో, మొత్తం ఎంత పోగయిందో, ఒక ఫోటో. గ్రూపులో ఒకేసారి "అందరికీ ధన్యవాదాలు" అంటే అందులో ఎవరి పేరూ ఉండదు. ఐదు వందలు ఇచ్చిన అక్కకూ, యాభై ఇచ్చిన వాచ్‌మన్‌కూ అదే శ్రద్ధతో చెప్పండి. ఇవ్వకపోయినా పొద్దున్నే ఫోన్ చేసినవాళ్ళను మర్చిపోకండి.

రసీదులు అందరికీ అందాయో లేదో వారం తర్వాత కనుక్కోండి. రెండు మూడు నెలల తర్వాత సంస్థను ఇంకో మాట అడగండి. మేం పంపిన డబ్బు దేనికి ఖర్చయింది? ఎన్ని గదుల అద్దె, ఎందరికి ఎన్నాళ్ళ భోజనం? వాళ్ళు రాసి పంపినదాన్ని ఇచ్చినవాళ్ళందరికీ పంపండి. జవాబు రాకపోతే మళ్ళీ ఫోన్ చెయ్యండి. ఇప్పటికి మీ నోటికి అడగడం వచ్చేసింది. అడిగే హక్కు మీకుంది, మీ మాట నమ్మి ఇచ్చినవాళ్ళకూ ఉంది.